పుట్టి లెక్కతో క్లాసు పాఠం చెప్పండి

సంపాదకుల వారికి,

నమస్కారం. డిగ్రీ, ఇంజినీరింగ్ విద్యార్థుల కోసం పత్రికల విద్యా పేజీల్లో వచ్చే ప్రశ్న–జవాబుల్లో, కంప్యూటర్ ప్రోగ్రామింగ్ గురించి ‘క్లాసుకూ ఆబ్జెక్టుకూ తేడా ఏమిటి?’ అన్నది తరచూ కనిపిస్తుంది. జవాబు కూడా పెద్దగా మారదు. క్లాసు ఒక నమూనా, ఆ నమూనాతో తయారైనది ఆబ్జెక్టు, ఉదాహరణ కారు, కాదంటే కుక్క. ఇందులో తప్పేమీ లేదు. కానీ ఈ రెండు ముక్కలూ అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్న పిల్లలే, పది లైన్ల ప్రోగ్రామ్ ఎదురుగా పెట్టి ఏం ప్రింట్ అవుతుందో చెప్పమంటే బిక్కమొహం వేస్తున్నారు. కుక్క చేత మొరిగించే మెథడ్ (ఆబ్జెక్టు చేసే పనికి రాసే కోడ్) రాస్తే ఏ చిక్కు తీరిందో వాళ్లకు ఎవరూ చూపించలేదు మరి. నెల్లూరు జిల్లాలో ఈ పాఠానికి కారూ కుక్కా అక్కర్లేదు, ధాన్యం లెక్క ఉండనే ఉంది.

మొదటి రోజు క్లాసు లేకుండానే రాయించాలి. ఐదు లాట్ల (లాటు అంటే ఒక రైతు ఒకసారి అమ్మకానికి తెచ్చిన ధాన్యం) వివరాలను నాలుగు లిస్టుల్లో పెట్టించండి. రైతుల పేర్లు ఒకదాంట్లో, రకాలు ఇంకోదాంట్లో, కిలోల బరువులు, తేమ శాతాలు మిగతా రెండింట్లో. తేమ తక్కువున్న లాట్లు ముందు రావాలని చెప్పి, తేమ లిస్టును సార్ట్ చేయించండి. ఆ ఒక్క లిస్టే కదులుతుంది, మిగతా మూడూ ఉన్నచోటే ఉంటాయి. ఒకరి ధాన్యం తేమ ఇంకొకరి పేరు కిందికి చేరుతుంది. కంప్యూటర్ ఏ ఎర్రర్ ఇవ్వదు, తప్పు జాబితాను చక్కగా ప్రింట్ చేసి ఇస్తుంది. ఒక లాటుకు చెందిన వివరాలన్నీ విడిపోకుండా ఒకచోట ఉండాలన్న అవసరం అప్పుడు విద్యార్థికే తడుతుంది. క్లాసు అన్న మాట అప్పుడు చెప్పినా ఆలస్యం కాదు.

ఇక క్లాసు. పేరు ‘ధాన్యంలాటు’ అనుకుందాం. లోపల రైతు పేరు, రకం, సీజను (రబీనా, దాని తర్వాత వచ్చే ఎడగారా), బరువు, తేమ. బరువును ఏ కొలతలో దాచాలన్నది ఇక్కడి అసలు ప్రశ్న. మన దగ్గర బేరం పుట్టి లెక్కన సాగుతుంది, పుట్టికి 850 కిలోలు. ప్రభుత్వ మద్దతు ధర క్వింటాలుకు. కాటా చూపేది కిలోలు. మూడూ కావాలి కదా అని మూడు ఫీల్డులు (ఆబ్జెక్టులో విలువలు దాచే గడులు) పెట్టే విద్యార్థులే ఎక్కువ. మళ్లీ కాటా వేసి కిలోలు సవరించిన రోజున పుట్లు, క్వింటాళ్లు పాత అంకె మీదే ఉండిపోతాయి. దాచాల్సింది కిలోలు ఒక్కటే. పుట్లు ఎన్ని, క్వింటాళ్లు ఎన్ని అన్నవి మెథడ్లు, అడిగినప్పుడు లెక్కవేసి చెబుతాయి. డేటా, దాని మీద పనిచేసే మెథడ్లు ఒకేచోట ఉండాలని పుస్తకాలు చెప్పే మాటకు ఇంతకంటే తేలికైన రుజువు మాకు కనబడలేదు. జావా భాషలో ఇంకో మెలిక ఉంది. బరువును పూర్ణాంకంగా పెట్టి 850తో భాగిస్తే, 1,500 కిలోలకు ఒక పుట్టి అనే వస్తుంది. మిగిలిన 650 కిలోలు లెక్కలోంచి జారిపోతాయి. 850.0 అని దశాంశంగా రాస్తే దాదాపు 1.76 వస్తుంది.

తేమ దగ్గర ఇంకో విషయం తేల్చుకోవాలి. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం దాటకూడదు. అందుకని 17 దాటితే ఆబ్జెక్టే తయారు కాకుండా, దాన్ని తయారుచేసే భాగమైన కన్‌స్ట్రక్టర్‌లో అడ్డుకట్ట వేస్తారు కొందరు. అది పొరపాటు. 19 శాతం తేమ ఉన్న లాటు కళ్లం మీద నిజంగానే ఉంటుంది, ఆరబెట్టాక 16కు దిగుతుంది కూడా. కన్‌స్ట్రక్టర్ తిప్పికొట్టాల్సింది అసలు ఉండటానికి వీల్లేని అంకెలను: సున్నాకు తక్కువ, వందకు ఎక్కువ. మద్దతు ధరకు అర్హమా కాదా అన్నది వేరే మెథడ్ చెప్పాలి.

ధర ఎక్కడ పెట్టాలి? మద్దతు ధర ఒకే గ్రేడు లాట్లన్నిటికీ ఒకటే కాబట్టి క్లాసు స్థాయిలో పెట్టొచ్చు. జావాలో అయితే దాన్నే స్టాటిక్ అంటారు. ఎ గ్రేడు ధాన్యానికి 2024–25లో క్వింటాలు 2,320 రూపాయలు, 2025–26లో 2,389. ఇప్పుడు పైథాన్ భాషలో ధర మార్చమంటే విద్యార్థి, ఎ అనే లాటుకు ‘ఎ.మద్దతుధర = 2389’ అని రాస్తాడు. ప్రింట్ చేసి చూస్తే 2,389 వస్తుంది, సంతోషిస్తాడు. కానీ మారింది ఆ ఒక్క లాటుకే. ఆబ్జెక్టు పేరు మీద విలువ ఇస్తే పైథాన్ ఆ ఆబ్జెక్టులోనే కొత్త ఫీల్డు తెరుస్తుంది, క్లాసులోని 2,320 అలాగే ఉంటుంది. మార్చాలంటే క్లాసు పేరుతో ‘ధాన్యంలాటు.మద్దతుధర’ అనే రాయాలి. అలా రాశాక ఇంకో చిక్కు వస్తుంది: నిరుడు డబ్బు చెల్లించేసిన లాట్లకు కూడా కొత్త ధర కనిపిస్తుంది. కాబట్టి నేటి ధర క్లాసుది, చెల్లించిన ధర ఆ లాటుది. ఈ తేడా పట్టుబడితే క్లాసు ఏమిటో ఆబ్జెక్టు ఏమిటో నిర్వచనం చదవకుండానే చెప్పగలరు.

ఒక్కో లాటుకు చెందినదాన్ని క్లాసులో పెట్టే తప్పు లిస్టుతో చేస్తే ఇంకా ముదురుతుంది. వాయిదాల్లో వచ్చిన చెల్లింపులు రాసుకోవడానికి క్లాసు శీర్షిక కిందే ఖాళీ లిస్టు పెడితే, ఆ ఒక్క లిస్టే అన్ని లాట్లదీ అవుతుంది. ఒక రైతుకు పడిన సొమ్ము అందరి ఖాతాలోనూ కనబడుతుంది. లిస్టును, పైథాన్‌లో కన్‌స్ట్రక్టర్ పని చేసే ఇనిట్ మెథడ్ లోపల, ఆ ఆబ్జెక్టును సూచించే సెల్ఫ్ పేరు మీద తెరవాలి.

ఇనిట్ సంగతి. దానికి అటూ ఇటూ రెండేసి అండర్‌స్కోర్లు ఉండాలి. ఒక్కోటే పెట్టినా, అక్షరం తప్పినా, క్లాసు రాసేటప్పుడు పైథాన్ ఏమీ అనదు. అది ఇంకేదో మామూలు మెథడ్ అనుకుంటుంది. లాటు తయారుచేస్తూ విలువలు అందించినప్పుడు మాత్రం ఈ క్లాసు ఏ విలువలూ తీసుకోదని ఎర్రర్ ఇస్తుంది. జావాలో కన్‌స్ట్రక్టర్ ముందు వాయిడ్ (విలువేమీ తిరిగి ఇవ్వదని చెప్పే మాట) అని చేర్చడం ఇలాంటిదే. కంపైలర్ (ప్రోగ్రామును కంప్యూటర్ నడపగల రూపంలోకి మార్చేది) దాన్ని కన్‌స్ట్రక్టర్‌గా లెక్కించదు. ఇక ‘బరువు = బరువు’ అని రాసి పైథాన్ సెల్ఫ్ లాంటి దిస్ మరిచిపోతే, వచ్చిన విలువ తనకు తానే ఇచ్చుకుంటుంది. ఫీల్డు సున్నాగానే ఉంటుంది, ఎర్రర్ ఉండదు. ధాన్యం సున్నా కిలోలని ప్రింట్ అయిందంటే ముందు చూడాల్సింది అక్కడే.

మెథడ్‌కు సెల్ఫ్ ఇవ్వకపోతే పైథాన్ ఇచ్చే సందేశం పిల్లల్ని బాగా గందరగోళపెడుతుంది: ఈ మెథడ్ తీసుకునేవి సున్నా, మీరు ఇచ్చింది ఒకటి అని. ‘నేనేం ఇవ్వలేదు కదా’ అంటారు. చుక్క ముందున్న ఆబ్జెక్టునే పైథాన్ మొదటి విలువగా పంపిస్తుంది. ‘ఎ.పుట్లు()’ అన్నా, ‘ధాన్యంలాటు.పుట్లు(ఎ)’ అన్నా ఒకటేనని రెండూ నడిపి చూపిస్తే సెల్ఫ్ మీద అనుమానం మళ్లీ రాదు.

‘బి = ఎ’ అంటే పైథాన్‌లో, జావాలో రెండో లాటు పుట్టదు, ఉన్న లాటుకే రెండో పేరు పడుతుంది. బి బరువు మారిస్తే ఎ బరువూ మారుతుంది. సి ప్లస్ ప్లస్‌లో మామూలుగా రాస్తే ఆబ్జెక్టు నకలు తయారవుతుంది. ఒక సెమిస్టర్‌లో అదీ, తర్వాతి దాంట్లో ఇదీ చదివేవాళ్లకు ఈ తేడా బోర్డు మీద పక్కపక్కన రాసి చూపకపోతే ఎలా తెలుస్తుంది? జావాలో ఐదు లాట్లకు అరే (వరుస గడులు) తెరిస్తే ఐదు ఆబ్జెక్టులు రావు, ఏ ఆబ్జెక్టూ లేదని చెప్పే ఐదు నల్‌లు వస్తాయి. ఒక్కో గడిలో న్యూ అనే కీవర్డుతో కొత్త లాటు పెట్టకుండా బరువు అడిగితే నల్ పాయింటర్ ఎక్సెప్షన్ అనే ఎర్రర్ తప్పదు.

డబ్బు లెక్కలో చిన్న హెచ్చరిక. క్వింటాలు 2,389 చొప్పున పుట్టి ధర 20,306 రూపాయల 50 పైసలు. దగ్గరి పూర్ణాంకానికి సవరించే పైథాన్ రౌండ్ దాన్ని 20,306 చేస్తుంది, జావా 20,307 చేస్తుంది. సరిగ్గా సగం వచ్చినప్పుడు పైథాన్ దగ్గరి సరి సంఖ్య వైపు వెళ్తుంది. పైసల్లో పూర్ణాంకంగా దాచుకుంటే ఈ తగాదా ఉండదు.

పైథాన్ 3లో క్లాసు పేర్లు, ఫీల్డు పేర్లు తెలుగు అక్షరాల్లోనే పెట్టుకోవచ్చు. కీవర్డులు మాత్రం ఇంగ్లిషువే. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకు మొదటి వారం ఇది మంచి ఊతం. అయితే పొల్లు విడిగా కనబడటానికి కీబోర్డు చేర్చే కంటికి కనబడని అక్షరం పేరు మధ్యలో పడితే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. అది రాని పేర్లు ఎంచుకోవాలి.

ఇన్‌హెరిటెన్స్‌ను (ఒక క్లాసు నుంచి ఇంకో క్లాసును పుట్టించడం) మొదటి రెండు వారాల్లో ముట్టుకోకపోవడమే మంచిది. ధాన్యం రైతుది కాబట్టి రైతు క్లాసు నుంచి ధాన్యంలాటును పుట్టించే ప్రోగ్రాములు పరీక్ష పేపర్లలో కనబడేది ఆ తొందర వల్లే. లాటుకు రైతు ఉంటాడు, లాటే రైతు కాదు. కనుక రైతు అందులో ఒక ఫీల్డు.

కారు, కుక్క ఉదాహరణలు ఈ విద్యతో పుట్టినవేమీ కావు. నార్వేలో ఓలె యోహాన్ దాల్, క్రిస్టెన్ నైగార్డ్ 1960లలో సిమ్యులా భాష కట్టింది నిజ వ్యవస్థలను కంప్యూటర్‌లో నడిపి చూడటానికే. క్లాసు, ఆబ్జెక్టు సిమ్యులా 67తో వచ్చాయి. బ్యార్నె స్ట్రౌస్ట్రప్ 1979లో సి భాషకు క్లాసులు చేర్చడం మొదలుపెట్టింది దాన్ని చూసే. అదే సి ప్లస్ ప్లస్ అయింది. దానికి 1998లోనే ప్రమాణం వచ్చినా, ఇప్పటికీ పాతకాలపు టర్బో సి ప్లస్ ప్లస్ కంపైలర్ పద్ధతిలో వాయిడ్ మెయిన్ రాయించే ల్యాబులు ఉండటం విచారకరం. ఆ ప్రోగ్రాములు ఇవాళ్టి కంపైలర్లలో మొదటి లైను దగ్గరే ఆగిపోతాయి.

ప్రశ్నపత్రాలు తయారుచేసేవారికి, మీ విద్యా పేజీ చూసేవారికి మా విన్నపం ఒకటే. నిర్వచనానికి రెండు మార్కులు ఉంచండి, మిగతావి ఇలాంటి ప్రశ్నలకు ఇవ్వండి: ‘ఎ అనే లాటు బరువు 850 కిలోలు. బి = ఎ అని రాసి, బి బరువును 1,700 చేశారు. ఎ.పుట్లు() ఎంత ఇస్తుంది? పైథాన్‌లో ఒక జవాబు, సి ప్లస్ ప్లస్‌లో ఒక జవాబు, కారణంతో రాయండి.’

ఇట్లు,
కంప్యూటర్ సైన్స్ అధ్యాపకులు,
నెల్లూరు