మా దగ్గర వైఫై 7 రౌటర్ తీసుకున్న 34 ఇళ్లకి

అందరికీ నమస్కారం. ఈ జూన్ నుంచి సెప్టెంబర్ దాకా హైదరాబాద్ కేపీహెచ్‌బీలో మా షాపులో కొత్త తరం వైఫై, అంటే వైఫై 7 రౌటర్ కొన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మిగతావాళ్లు కూడా చదవండి, రేపు మీరూ అదే అడుగుతూ వస్తారు.

ముందు అసలు సంగతి. కౌంటర్ దగ్గర మీకు నేను చెప్పిన మాటల్లో ఒకటి తప్పు. "గవర్నమెంట్ పర్మిషన్ రాగానే ఇందులో 6 గిగాహెర్ట్జ్ కూడా వచ్చేస్తుంది, ఒక్క అప్‌డేట్ చాలు" అన్నాను. వైఫై నడిచే రేడియో దారుల్ని బ్యాండ్లంటారు, 2.4, 5 గిగాహెర్ట్జ్ పాతవి, 6 కొత్తది. అది ఇందులో రాదు. ఆ రౌటర్‌లో 6 గిగాహెర్ట్జ్ రేడియోనే లేదు. లేని రేడియో అప్‌డేట్‌తో ఎక్కడి నుంచి వస్తుంది?

ఆ మాట నేను కల్పించింది కాదు. 2025 మే నెలలో టెలికాం శాఖ 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ దాకా, అంటే 6 గిగాహెర్ట్జ్‌లో కింది భాగాన్ని, లైసెన్స్ లేకుండా వైఫైకి వాడుకోవచ్చంటూ ముసాయిదా నియమాలు ఇచ్చింది. అది నిజం. ఆ తర్వాత కొద్ది రోజులకే సికింద్రాబాద్‌లో మాకు సరుకిచ్చే డిస్ట్రిబ్యూటర్ ఈ మోడల్ చేతిలో పెట్టి "ఇది రెడీగా ఉంది భయ్యా, రూల్ రాగానే కంపెనీ ఆన్ చేస్తది, అన్ని డివైజ్‌లూ పడతాయి, కళ్లు మూసుకుని అమ్ము" అన్నాడు. ఎనిమిదేళ్లుగా అతని దగ్గరే కొంటున్నాను. ఒక్కసారి కూడా మాట తప్పలేదు. నమ్మాను, అదే మాట మీకు చెప్పాను.

నిజానికి డబ్బా మీదే అంతా ఉంది. పెద్ద అక్షరాల్లో 3600 అని ఉంటుంది కదా, అది ఒక ఫోన్‌కి వచ్చే స్పీడు కాదు, బ్యాండ్లన్నీ కలిపిన లెక్క. అక్టోబర్ మొదట్లో ఒక రాత్రి షట్టర్ దించి, లైటు కింద డబ్బా తిప్పి చూస్తే పక్కన చిన్న అక్షరాల్లో 2.4 గిగాహెర్ట్జ్‌కి 688, 5 గిగాహెర్ట్జ్‌కి 2882 అని ఉంది. కూడితే 3570. అంతే, దాన్నే 3600 అని వేశారు. మూడో అంకె లేదు, మూడో బ్యాండ్ లేదు. జూన్‌లోనే నేను ఆ రెండు అంకెలూ కూడి ఉంటే ఈరోజు ఇది రాసే పని ఉండేది కాదు. 6 గిగాహెర్ట్జ్ లేకపోయినా దాన్ని వైఫై 7 అనొచ్చు, అందులో మోసం లేదు, డబ్బా తయారుచేసినవాళ్లు ఎక్కడా అబద్ధం రాయలేదు. కానీ వైఫై 7లో అందరూ గొప్పగా చెప్పే 320 మెగాహెర్ట్జ్ వెడల్పు ఛానల్ 6 గిగాహెర్ట్జ్‌లోనే సాధ్యం, వెడల్పు ఎంత ఉంటే స్పీడు అంత. 5లో 160 దాకానే. ఆ తేడా మీకు చెప్పి అమ్మాల్సింది, చెప్పలేదు.

ఇక రెండోది, మీలో చాలామందికి నిద్ర లేకుండా చేసింది. పాత సామాన్లు కనెక్ట్ కాకపోవడం.

ఆగస్టులో నాకు వచ్చిన ఫోన్లన్నీ నేను తేలిగ్గా తీసుకున్నాను. కారణం ఉంది. రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలిన ప్రమాదం తర్వాత ఊరంతా కరెంటు స్తంభాల మీద కేబుళ్లు కోసేశారు, నెట్ పోయిందని ఎవరు ఫోన్ చేసినా "లైన్ కట్ అయ్యింటుంది, రెండు రోజులు ఆగండి" అనేవాణ్ణి. సగం మందికి నిజంగా అదే. మిగతా సగం మందికి నెట్ బాగానే ఉంది, రౌటరే వాళ్ల సామాన్లని లోపలికి రానివ్వట్లేదు. అది నాకు తెలిసింది ప్రగతి నగర్‌లో మాస్టారి ఇంట్లో.

రిటైరైన హెడ్‌మాస్టారు, ఆయన భార్య, ఇద్దరే ఉంటారు. కొడుకు డల్లాస్‌లో. హాల్లో దేవుడి పటాల పక్కన చిన్న కెమెరా పెట్టించుకున్నాడు, అక్కడ భోజనం టైమ్‌లో ఒకసారి తెరిచి అమ్మానాన్నల్ని చూసుకుంటాడు. సెప్టెంబర్‌లో ఒక మధ్యాహ్నం నేనే వెళ్లి కొత్త రౌటర్ పెట్టాను, ఫోనూ టీవీ చూసి, స్పీడు చూపించి వచ్చేశాను. రాత్రి పదకొండున్నరకి డల్లాస్ నుంచి ఫోన్. "అన్నా, కెమెరా రావట్లేదు, ఇంటికి ఫోన్ చేస్తే ఎత్తట్లేదు, ఒక్కసారి వెళ్తారా?" బండి తీసుకుని వెళ్లాను. మాస్టారు ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకున్నారు, ఏమీ కాలేదు. తలుపు తీసి కంగారుగా నన్నే చూస్తున్నారు. కెమెరా మాత్రం పటాల పక్కన ఎర్రగా మిణుకుతూ, నిమిషానికొకసారి కనెక్షన్ ఫెయిల్డ్ అని ఇంగ్లిష్‌లో చెప్తోంది. సాయంత్రం నుంచి అలాగే ఉందట, "కొత్త మిషను కదా, అలవాటు పడుతోందేమో అనుకున్నామయ్యా" అంది అమ్మగారు.

అక్కడ స్టూలు మీద కూర్చుని ఒక్కో సెట్టింగ్ మార్చి చూశాను. తప్పు ఎక్కడుందంటే, మధ్యాహ్నం నేను ఎంఎల్‌ఓ ఆన్ చేశాను. రెండు బ్యాండ్ల మీద ఒకేసారి డేటా నడిపే పద్ధతి అది, వైఫై 7లో ముఖ్యమైన కొత్తదనం. ఎంఎల్‌ఓ కావాలంటే డబ్ల్యూపీఏ3 అనే కొత్త సెక్యూరిటీ తప్పనిసరి. కెమెరాకి తెలిసింది పాత డబ్ల్యూపీఏ2 మాత్రమే. దానికి తోడు రెండు బ్యాండ్లకీ ఒకటే పేరు, కెమెరాకేమో 2.4 తప్ప ఇంకోటి తెలీదు. ఎంఎల్‌ఓ ఆపి, 2.4కి విడిగా ఒక నెట్‌వర్క్ పెట్టి, దానికి వాళ్ల పాత రౌటర్ పేరూ పాత పాస్‌వర్డే ఇచ్చాను. అర నిమిషంలో ఎర్ర లైటు పోయి నీలం వచ్చింది. ఫోన్‌లో అవతల కొడుకు "అమ్మా, కనపడుతున్నావు" అన్నాడు. అమ్మగారు కొంగు సర్దుకుని కెమెరా వైపు చెయ్యి ఊపింది. అర్ధరాత్రి దాటాక నాకు టీ పెట్టిచ్చారు, తాగకుండా కదలనివ్వలేదు. ఒక్క మాట కూడా అనలేదు వాళ్లు. ఏదైనా అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

తర్వాత మిగతా ఇళ్ల గోడూ ఇదేనని తెలిసింది. గీజర్ ప్లగ్, ప్రింటర్, పాత టీవీ స్టిక్, ఏసీ యాప్. వైఫై 7కి సర్టిఫికెట్లు ఇవ్వడం మొదలైందే 2024 జనవరిలో. మీ ఇంట్లో నాలుగేళ్ల కిందటి ప్లగ్‌కి ఇలాంటి రౌటర్ ఒకటి వస్తుందని ఎలా తెలుస్తుంది! వసంత్ నగర్‌లో ఒకరి పాత లాప్‌టాప్‌కి కొత్త నెట్‌వర్క్ పేరే కనపడలేదు, వైఫై డ్రైవర్ కొత్తది వేస్తే కనపడింది. ఆఫీస్ లాప్‌టాప్‌లతో ఇంటి నుంచి పనిచేసేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: విండోస్‌లో వైఫై 7 పద్ధతులు పనిచేయాలంటే విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ ఉండాలి, లోపల వైఫై 7 కార్డూ ఉండాలి. లేకపోతే కనెక్ట్ అవుతుంది, కానీ పాత పద్ధతిలోనే. మీ కంపెనీ ఐటీ వాళ్లు ఇచ్చినదాన్ని నేను ముట్టుకోలేను.

డిస్ట్రిబ్యూటర్ దగ్గరికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి అమ్ముడుపోని ఆరు డబ్బాలు తీసుకెళ్లాను. ఒక డబ్బా సీల్ మూల కొంచెం లేచి ఉంటే, గోటితో దాన్ని ఇంకా లేపి నాకే చూపించాడు. "ఓపెన్ అయింది భయ్యా, కంపెనీ తీసుకోదు." మిగతా ఐదూ సీల్‌తోనే ఉన్నాయి కదా అంటే, స్కీమ్ సరుకు వాపస్ ఉండదన్నాడు. 6 గిగాహెర్ట్జ్ వస్తుందని నువ్వే చెప్పావు కదా అన్నాను. "నేను వస్తుందన్నా, ఈ మోడల్‌లో వస్తుందన్నానా?" అన్నాడు. పక్కన ముగ్గురు డీలర్లున్నారు, వాళ్ల ముందే అన్నాడు. నేను 2011లో ఈ షాపు పెట్టినప్పటి నుంచి ఎవరి ముందూ అబద్ధాలకోరులా నిలబడలేదు. రెండోసారి బిల్లులు తీసుకుని వెళ్తే, లెక్క చూసే కుర్రాడితో "సార్ లేరు" అనిపించాడు, లోపలి గదిలో అతని గొంతు వినపడుతూనే ఉంది. ఇంక వెళ్లలేదు, వెళ్లను. వేరే చోట కొంటే నాకు డబ్బాకి 150 రూపాయలు తక్కువ మిగులుతుందని తెలిసినా అతని దగ్గర ఇంకొక కేబుల్ కూడా కొనను. దీపావళికి స్వీట్ బాక్స్ పంపాడు, తిప్పి పంపించేశాను. మా ఆవిడ మొండితనం అంది. అయితే అయింది.

ఇప్పుడు నేను మూడు వారాలు నలిగిపోయిన విషయం. సెట్టింగ్స్ సరిచేస్తే మీ సామాన్లన్నీ పనిచేస్తాయి, అది తేలిపోయింది. 34 ఇళ్లూ తిరిగి సరిచేసి, 6 గిగాహెర్ట్జ్ సంగతి ఎత్తకుండా ఊరుకోవచ్చు. నాతో పాటు ఈ వ్యాపారంలో ఉన్న స్నేహితుడు అదే చెప్పాడు. అతను అన్నదాంట్లో నిజం కూడా ఉంది: మీలో ఎక్కువమంది ప్లాన్ 100 లేదా 200 ఎంబీపీఎస్, దానికి ఈ రౌటరే ఎక్కువ. నాకు తెలిసి 6 గిగాహెర్ట్జ్ అందుకునే ఫోన్ ఉన్న ఇళ్లు మూడే. ఎవరూ అడగరు. రెండో దారి, చెప్పి, కావాలన్నవాళ్లకి డబ్బు తిరిగి ఇవ్వడం. ఒక్కోటి 8,200. అందరూ తిరిగిచ్చేస్తే 2,78,800. నాకు మిగిలింది ఒక్కోదాని మీద 850. వాడిన రౌటర్లు సగం ధరకి కూడా పోవు. పిల్ల ఫీజు కోసం ఎత్తిన చీటీ డబ్బు తప్ప నా దగ్గర అంత లేదు.

రాత్రిళ్లు ఆ లెక్కే. ఒకరోజు చెప్పేద్దామని, మర్నాడు ఎందుకులే అని. సగం ఇద్దామా అనుకున్నాను, సగం ఇవ్వడమంటే సగం తప్పు ఒప్పుకోవడం, అది ఏ లెక్కకీ రాదు. ఆ ముగ్గురికే చెప్దామా అనుకున్నాను, మిగతా 31 మందికి చెప్పిన మాట మాత్రం మాట కాదా? కార్తీక సోమవారం రోజు, మా వీధి చివర టిఫిన్ సెంటర్ అక్క బిల్లింగ్ మిషన్ కేబుల్ కోసం వచ్చింది. కౌంటర్ దగ్గర ఎవరో కొత్తాయన ఫోన్‌లో రేట్లు చూసుకుంటూ నిలబడ్డాడు. అక్క ఆయనతో "ఈయన చెప్తే ఇంక ఫోన్‌లో చూడక్కర్లేదు బాబూ" అంది. ఆమె కూడా ఆ 34 మందిలో ఒకరు. నా చేతిలో ఉన్న కేబుల్ ధర కూడా సరిగ్గా చెప్పలేకపోయాను. ఆ సాయంత్రం మా ఆవిడకి చెప్పాను, లెక్కలన్నీ ఆమే చూస్తుంది. కాసేపు ఏమీ అనలేదు, తర్వాత చీటీ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది.

కాబట్టి ఇదీ నిర్ణయం. ఈ రౌటర్ వద్దనుకున్నవాళ్లు డిసెంబర్ 31 లోపు తెచ్చివ్వండి, 8,200 మొత్తం ఇస్తాను. డబ్బా లేకపోయినా, బిల్లు పోయినా ఫర్వాలేదు, నా పుస్తకంలో అందరి పేర్లూ ఉన్నాయి. ఒకే రోజు అందరూ వస్తే మాత్రం ఒక వారం టైమ్ ఇవ్వండి, ఎగ్గొట్టను. వైఫై 6 రౌటర్ చాలనుకుంటే మార్చి ఇచ్చి మిగిలిన డబ్బు ఇస్తాను. ఉంచుకుంటామంటే నేనే ఇంటికి వచ్చి సరిచేస్తాను, ఛార్జీ లేదు. ఉంచుకోమని నేను ఎవరికీ చెప్పను, వద్దనీ చెప్పను. అడిగితే మాత్రం నిజం చెప్తాను: మీ ఇంట్లో ఒకేసారి పదిహేను ఇరవై సామాన్లు నడుస్తుంటే ఇది బాగానే పనిచేస్తుంది, మా ఇంట్లోనూ ఇదే ఉంది.

ఇకమీదట కొత్త రౌటర్ అడిగితే ముందు మీ ఇంట్లో వైఫై వాడే సామాన్లన్నీ కాగితం మీద రాసుకుని రమ్మంటాను. విసుగనుకోకండి. రాసుకు రాకపోతే అమ్మను, ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు, నాకు కోపం లేదు. ఇంకో మాట, కొత్తది పెట్టాక పాత రౌటర్ నెల రోజులు పారేయొద్దు, దాని పేరూ పాస్‌వర్డూ ఎక్కడైనా రాసిపెట్టుకోండి. మీ ప్లగ్గులకీ కెమెరాలకీ గుర్తుండేది అదే.

ఇప్పటికి 11 ఇళ్లు అయ్యాయి, 23 మిగిలాయి. ఈ ఆదివారం పొద్దున నిజాంపేట వైపు, సాయంత్రం వసంత్ నగర్. నేను వచ్చేసరికి ప్రింటర్, కెమెరా, గీజర్ ప్లగ్ అన్నీ ఆన్ చేసి ఉంచండి. ఫోన్ టీవీ చూసి వచ్చేయను, ఒక్కొక్కటీ కనెక్ట్ అయ్యేదాకా కూర్చుంటాను.