అక్కడిది తెంచకు, ఇక్కడిది మొదలుపెట్టు

కడప

ప్రియ మిత్రమా,

మొన్న ఫోన్లో నువ్వు గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయావు, నేను ఊఁ కొడుతూ విన్నాను. నిజానికి సగం మాటలు అందలేదు. నీ వైపు దుబాయి ట్రాఫిక్ రొద, నా వైపు వీధి చివర పెళ్ళి మైకు. పైగా ఇలాంటి లెక్కలు ఫోన్లో తేలేవి కావు. అందుకే పాత అలవాటు ప్రకారం కాగితం తీశాను. మీ అబ్బాయి పంపిన నీ హెల్త్ ఇన్సూరెన్సు రెన్యువల్ నోటీసు ఫోటోను పెద్దది చేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, అడుగున ఉన్న చీమల అక్షరాలతో సహా చదివాను. "ఈ డబ్బుతో ఏటా రాజంపేటలో ఒక సెంటు కొనుక్కోవచ్చు" అందట చెల్లెమ్మ. స్థలాల విషయంలో ఆవిడ లెక్క ఎప్పుడూ తప్పదు కానీ, ఇది స్థలాల విషయం కాదు.

ముందు నీ కోపం సంగతి. "ఒక్క క్లెయిమూ చెయ్యలేదు, అయినా ప్రీమియం నాలుగో వంతు పెంచారు, దొంగలు" అన్నావు. దొంగలో దొరలో గానీ, ఈ అంతర్జాతీయ పాలసీల్లో ధరను నీ బుద్ధిమంతనం చూసి కట్టరు. వయసును బట్టి మెట్లు ఉంటాయి. అరవై దాటాక ఒక్కో మెట్టూ ఎత్తే. ఆ పైన, నీలాంటి పాలసీదారులందరికీ ఆసుపత్రుల్లో ఎంత ఖర్చయింది, నువ్వు ఎంచుకున్న దేశాల్లో వైద్యం ఎంత పిరమైంది అని చూసి ఏటా సవరిస్తారు. నువ్వు రోజూ పొద్దున్నే క్రీక్ ఒడ్డున ఎంత దూరం నడిచినా ఆ లెక్కలో ఎక్కడా కనబడదు.

కోపంలో "దీన్ని రద్దు చేసి, చవకగా ఇచ్చే ఇంకో కంపెనీకి మారిపోతాను" అన్నావు చూడు, అక్కడే నాకు గుండె గుభేలుమంది. నలభై ఏళ్ల వాడు మారితే మారనీ. మన వయసులో పాత పాలసీ అంటే తిరుపతి బస్సులో రుమాలు వేసి సంపాదించిన సీటు. లేచామంటే ఇంకొకరు కూర్చుంటారు. నీ సుగరు, బీపీ ఈ పాలసీలో ఉండగా వచ్చినవే, గుండెకు స్టెంటు కూడా ఇందులో ఉండగానే వేయించుకున్నావు. అంటే ఇవాళ వాటిలో ఏది తిరగబెట్టినా ఈ కంపెనీ కాదనలేదు. కొత్త కంపెనీకి మాత్రం ఈ మూడూ పాత జబ్బులే. వాళ్లు నీ ఆరోగ్య చరిత్రంతా అడిగి గుండెను మినహాయిస్తామనవచ్చు, ప్రీమియం ఇంకా పెంచవచ్చు, అసలు వద్దనవచ్చు. కొన్ని కంపెనీలు అడగకుండానే ఇచ్చి, గత కొన్నేళ్లలో ఉన్న జబ్బు దేనికీ మొదట్లో చెల్లించమని షరతు పెడతాయి. ఒక వయసు దాటితే కొత్తవాళ్లను తీసుకోని కంపెనీలూ ఉన్నాయి. పాత పాలసీ షరతులే కొనసాగిస్తూ చేర్చుకునే పద్ధతి ఒకటి ఉంది. అది కూడా పాతది ఒక్క రోజు కూడా తెగకుండా ఉంటేనే. అందుకని కొత్త కంపెనీ నుంచి "నీ గుండెకు కూడా ఇస్తాం" అని రాతపూర్వకంగా చేతికి వచ్చే వరకు పాతదాన్ని ముట్టుకోకు. ఏజెంటు నోటి మాట చెల్లదు.

ప్రీమియం తగ్గించాలంటే ఉన్న పాలసీనే కత్తిరించు. నోటీసులో "ప్రపంచమంతా" అని ఉంది, అంటే అమెరికా కూడా ఉంది. ఎందుకురా నీకు అమెరికా? మీ అమ్మాయి దగ్గరికి రెండేళ్లకోసారి వెళ్తావు. అమెరికా చేరిస్తే ధర ఎక్కడికో పోతుంది. ముందు దాన్ని తీయించు. వెళ్ళినప్పుడు విడిగా ట్రావెల్ పాలసీ తీసుకో. కాకపోతే అందులో పాత జబ్బులకు, ప్రాణం మీదికి వస్తే తప్ప సాధారణంగా పైసా రాదు. అది తెలిసే వెళ్ళు. రెండోది, ఔట్‌పేషెంట్ భాగం, అంటే ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యం. నెలనెలా డాక్టరు ఫీజు, మాత్రల కోసం అంత అదనపు ప్రీమియం కట్టడం దండగ. మూడోది డిడక్టిబుల్, అంటే క్లెయిములో మొదటి ఇంత మొత్తం నేనే భరిస్తానని ఒప్పుకోవడం. నీ దగ్గర బ్యాంకులో నాలుగు రాళ్ళు ఉన్నాయి కాబట్టి ఇది బాగా పెంచుకో. మనకు ఇన్సూరెన్సు కావలసింది పెద్ద దెబ్బకు. జలుబుకు కాదు. ఒక్క జాగ్రత్త: ఇవన్నీ తగ్గించడం తేలిక, మళ్ళీ పెంచమంటే ఆరోగ్య ప్రశ్నలన్నీ మొదటి నుంచీ అడుగుతారు.

ఇక నేను అసలు చెప్పదలుచుకున్నది. నీకు అరవై నాలుగు. ఇంకో మూడేళ్లలో కడప వచ్చేస్తానంటున్నావు. వచ్చాక ఇక్కడ పాలసీ చూసుకుందాంలే అనుకుంటున్నావు. వద్దు. ఇప్పుడే తీసుకో. ఎన్నారైలు ఇక్కడి కంపెనీల పాలసీ నిక్షేపంగా తీసుకోవచ్చు, ప్రీమియం నీ ఎన్నారై ఖాతా నుంచే కట్టవచ్చు. వైద్యం మాత్రం సాధారణంగా ఇండియాలో చేయించుకుంటేనే చెల్లుతుంది. "ఉండేది దుబాయిలో, పాలసీ ఇండియాలో, ఎందుకు?" అంటావు. కాలం నడవడానికి. ఇక్కడ పాత జబ్బులకు నిరీక్షణ కాలం, అంటే పాలసీ తీసుకున్నాక వాటికి క్లెయిము రాని కాలం, గరిష్ఠంగా మూడేళ్లు. ఇంతకుముందు నాలుగేళ్లు ఉండేది, 2024లో తగ్గించారు. మోకాలి చిప్ప, కంటి శుక్లం లాంటి వాటికీ విడిగా నిరీక్షణ ఉంటుంది, అదీ మూడేళ్లు దాటకూడదు. నువ్వు అక్కడి పాలసీ నీడలో ఉండగానే ఆ మూడేళ్లూ ఇక్కడ గడిచిపోతే, పెట్టె బేడా సర్దుకుని కడప స్టేషనులో దిగే నాటికి నీ గుండెకూ సుగరుకూ ఇక్కడ పాలసీ సిద్ధంగా ఉంటుంది. అరవై ఏడులో వచ్చి మొదలుపెడితే ఆ గండం డెబ్భై దాకా. దుబాయిలో ఇరవై ఏళ్లు కట్టాను కదా, ఆ సీనియారిటీ ఇక్కడ లెక్కలోకి రాదా అంటే, రాదు. పోర్టబిలిటీ, అంటే పాత సీనియారిటీతో కంపెనీ మారడం, ఇక్కడి కంపెనీల మధ్యనే.

మునుపు అరవై ఐదు దాటిన వాళ్లకు కొత్త పాలసీ దొరకడం గగనం. ఆ వయసు కట్టుబాటును 2024 ఏప్రిల్ నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఎత్తేసింది. 2025 జనవరిలో ఇంకో ఉత్తర్వు ఇచ్చింది: అరవై దాటిన వాళ్ల ప్రీమియాన్ని, కంపెనీలు తనను సంప్రదించకుండా ఏడాదికి 10 శాతానికి మించి పెంచకూడదని. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద ఉన్న 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు. మన తరానికి ఏదో కాస్త కలిసొచ్చిన కాలం ఇది. అయితే కొత్త పాలసీ ఇచ్చి తీరాలని కంపెనీని ఎవరూ బలవంతపెట్టలేరు. స్టెంటు అనగానే మొహం చాటేసేవాళ్లు ఉంటారు. రెండు మూడు చోట్ల అడగాలి.

స్టెంటు సంగతి దాచవద్దు. ఈ మాట గట్టిగా రాస్తున్నాను, ఎందుకంటే ఏజెంటు నీ చెవిలో "సార్, అది రాయకండి, ప్రీమియం తగ్గుతుంది" అని ఊదుతాడు. మా బావమరిదికి అలాగే ఊదాడు. ఫారంలో సుగరు దగ్గర "లేదు" అని టిక్కు పెట్టించాడు. మూడో ఏడు గుండెనొప్పితో తిరుపతిలో ఒక ఆసుపత్రిలో చేర్చాం. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు కేసు షీటు మోకాలి మీద పెట్టుకుని, "సుగరు ఎన్నేళ్లుగా?" అని అడిగాడు. మనవాడు నొప్పిలో కూడా గొప్ప తగ్గకుండా, "పదిహేనేళ్లుగా ఉంది డాక్టరుగారూ, ఏనాడూ లెక్కచెయ్యలేదు" అన్నాడు. ఆ అబ్బాయి నీలం సిరాతో ఒక్క వరుస రాసుకున్నాడు. ఆ వరుసే డిశ్చార్జి సమ్మరీలోకి ఎక్కింది, అక్కడి నుంచి కంపెనీ వాళ్ల చేతికి చిక్కింది. క్లెయిము గోవిందా. వరుసగా ఐదేళ్లు పాలసీ నడిచాక అయితే, మోసమని రుజువు చేస్తే తప్ప "చెప్పలేదు" అని ఎగ్గొట్టడానికి వీల్లేదు. ఇదీ 2024లోనే ఎనిమిదేళ్ల నుంచి ఐదుకు తగ్గింది. మనవాడికి అది మూడో ఏడు. ఏజెంటు నంబరు ఇప్పుడు మోగుతుంది కానీ ఎవరూ ఎత్తరు.

పాలసీ ఎంచేటప్పుడు అందరూ ఐదు లక్షలా పది లక్షలా అని చూస్తారు, గది అద్దె నిబంధన చూడరు. చాలా పాత తరహా పాలసీల్లో రోజుకు గది అద్దె బీమా మొత్తంలో ఒక శాతం అని ఉంటుంది. ఐదు లక్షల పాలసీ అంటే ఐదు వేల గది. చెల్లెమ్మ గాలీ వెలుతురూ ఉండాలని ఎనిమిది వేల గది తీసుకుందనుకో. రోజుకు మూడు వేలు మన జేబు నుంచి పోతే పోయిందిలే అనుకుంటాం. పోయేది అంత కాదు. డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు, నర్సింగు వంటి వాటన్నిటినీ అదే నిష్పత్తిలో, ఎనిమిదింట ఐదు వంతులే ఇస్తారు. అవి లక్షా అరవై వేలైతే కంపెనీ ఇచ్చేది లక్ష, మిగతా అరవై వేలు నీవి. మందులకు, స్టెంటు వంటి పరికరాలకు, పరీక్షలకు ఈ కోత పెట్టకూడదని నిబంధన ఉంది కాబట్టి బతికిపోతాం. అందుకే గది అద్దెకు పరిమితి లేనిదే చూడు, నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే. సీనియర్ల పాలసీల్లో కో-పే అనీ ఉంటుంది, ప్రతి బిల్లులో ఇంత శాతం మనదే. అది ఎంతో కూడా చూడు.

ఊరి విషయం నీకు తెలియంది కాదు. ఇక్కడ ప్రభుత్వ పెద్దాసుపత్రి రిమ్స్ ఉంది, ప్రైవేటు ఆసుపత్రులూ పెరిగాయి. అయినా గుండె, మెదడు అనగానే జనం తిరుపతికో, వేలూరుకో, చెన్నైకో, బెంగళూరుకో పరిగెత్తుతారు. కాబట్టి కంపెనీ నెట్‌వర్కు జాబితాలో, అంటే దానితో ఒప్పందం ఉన్న ఆసుపత్రుల్లో, కడప కంటే ముందు ఆ ఊళ్లు వెతుకు. మనం డబ్బు కట్టకుండా కంపెనీయే బిల్లు చెల్లించే నగదు రహిత వైద్యానికి అనుమతి గంటలోపు ఇవ్వాలని, డిశ్చార్జి అనుమతి మూడు గంటలు దాటకూడదని నిబంధన వచ్చింది. ఆ కౌంటరు ముందు కూర్చున్నవాడికి గంట అంటే ఎంతో వేరే చెప్పాలా? మీ చెల్లెలి కంటి ఆపరేషనప్పుడు ఆ కుర్చీలో కూర్చునే నేను దినపత్రిక ప్రకటనలతో సహా పూర్తి చేశాను.

ఇక్కడికి వచ్చాక ఆ అంతర్జాతీయ పాలసీ ఏం చెయ్యాలన్నది చివరి ముడి. విదేశంలో ఉన్నప్పుడు తీసుకున్నదాన్ని తిరిగొచ్చాక కూడా ఉంచుకోవడానికి మన విదేశీ మారక చట్టం, అదే ఫెమా, నిబంధనలు అడ్డురావు. అయితే కంపెనీ ఉంచుతుందా అన్నది వేరే ప్రశ్న. ధర నీ నివాస దేశాన్ని బట్టి ఉంటుంది, మకాం మారితే చెప్పి తీరాలి, స్వదేశంలో స్థిరపడితే కొనసాగించని కంపెనీలూ ఉన్నాయి. ఇప్పుడే ఒక మెయిలు పెట్టి జవాబు దాచుకో. నన్నడిగితే మొదటి ఏడాది రెండూ ఉంచుకుని, ఇక్కడిది సరిగా పనిచేస్తుందని తేలాక దాన్ని వదిలెయ్. డెబ్భై నిండాక కేంద్రం ఇచ్చే వయ వందన కార్డు ఉంది, ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి వైద్యం, ఆదాయంతో పని లేదు. దానికి నీకింకా ఆరేళ్లు ఉంది కాబట్టి దాన్ని చూసుకుని ధీమా పడకు.

కువైట్‌లో ఉన్న మన రాయచోటి వాళ్లను తలచుకుంటే నీ బాధ బాధే కాదురా. అరవై దాటి, డిగ్రీ లేదంటే 2022లో వర్క్ పర్మిట్ రెన్యువల్‌కు 250 దీనార్ల రుసుము, ఆ పైన దాదాపు 500 దీనార్ల ఇన్సూరెన్సు. డ్రైవరు జీతంలో అది ఎన్ని నెలలో లెక్కేసుకో. ఎంతమంది ఆ దెబ్బకు మూటాముల్లె సర్దుకున్నారో!

డిసెంబరులో వస్తున్నావు కదా. కంపెనీ ఇక్కడే పరీక్షలు చేయిస్తుంది: రక్తం, ఈసీజీ, మూడు నెలల సుగరు సగటు. రాగానే కారం దోసెల మీద పడకు, పరీక్షలయ్యాక నేనే తీసుకెళ్తాను. యాంజియోగ్రాం సీడీ, స్టెంటు డిశ్చార్జి కాగితాలు, ఇన్నేళ్ల పాలసీ పత్రాలు తెచ్చుకో. ఈలోగా జవాబులో ఒక్క సంగతి తప్పకుండా రాయి. మీవాడు పంపిన ఫోటోలో పాలసీదారు పేరు ఉన్న చోట వాడి బొటనవేలు అడ్డొచ్చింది. ఆ పాలసీ నీ పేరు మీద ఉందా, మీ ఆఫీసు పేరు మీద ఉందా? ఆఫీసుదైతే నువ్వు రిటైరైన రోజుతో అది ఆగిపోతుంది. వ్యక్తిగత పాలసీగా మార్చుకునే అవకాశం ఉంటే దానికి గడువు సాధారణంగా నెల రోజులకు మించదు. అలాగైతే డిసెంబరు దాకా ఆగడానికి లేదు, ఈ వారమే హెచ్‌ఆర్ వాళ్లను కలువు.

నీ పాత రూమ్మేటు