ఆరుద్ర మసకబారిన ఏడాది

సంపాదకుల వారికి,

2020 ఫిబ్రవరిలో విశాఖ ఎంవీపీ కాలనీలోని మా డాబా మీద నేనూ మనవరాలూ రోజూ ఆరుద్ర నక్షత్రాన్ని రోహిణితో పోల్చి చూసేవాళ్లం. మామూలుగా ఆరుద్రదే పైచేయి. ఆ నెల రోహిణి పక్కన వెలవెలబోయింది. "తాతయ్యా, దానికి ఒంట్లో బాగోలేదా?" అంది పిల్ల. నా దగ్గర జవాబు లేదు.

జవాబు తర్వాత అంతరిక్షంలో తిరిగే హబుల్ టెలిస్కోప్ నుంచి వచ్చింది. అంతకుముందు 2019 సెప్టెంబరు, నవంబరు మధ్య అది కంటికి కనబడని అతినీలలోహిత (అల్ట్రావయొలెట్) కాంతిలో చూస్తే, ఆరుద్ర నుంచి వేడి పదార్థం బయటికి ఎగదన్నుతూ కనిపించింది. అది చల్లారి దుమ్ముగా మారి మనకు అడ్డుపడిందని శాస్త్రవేత్తలు తేల్చారు. మా కళ్లకు మసకే కనబడింది, గుట్టు అతినీలలోహితంలో దొరికింది.

ఆరుద్ర ఒక్కటే కాదు. కొన్ని నక్షత్రాలు కొద్ది గంటల్లోనే ఉబ్బి, కుంచించుకుపోతూ వేడెక్కి చల్లారుతుంటాయి. ఆ మార్పు మామూలు కాంతిలో కంటే అతినీలలోహితంలో చాలా ఎక్కువగా తెలుస్తుంది. అయితే ఆ కాంతిలో చాలాభాగాన్ని ఓజోన్ పొర పైనే ఆపేస్తుంది (మన చర్మానికి అదే మేలు). కాబట్టి కైలాసగిరి మీద ఎంత పెద్ద టెలిస్కోప్ పెట్టినా లాభం లేదు, పైకి పంపాల్సిందే. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన మన ఖగోళ పరిశోధన ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌లో 38 సెంటీమీటర్ల జంట టెలిస్కోపులు ఉన్నది అందుకే. అవి తీసిన డేటా కొంత గడువు తర్వాత అందరికీ ఉచితం.

మరి ఆ డేటాను మన ఊళ్లో ఎవరు తెరుస్తున్నారు? ఒక కాలేజీకి వెళ్లి అడిగాను. ల్యాబ్‌లో కంప్యూటర్లు వరసగా ఉన్నాయి, మీద కవర్లు కూడా తీయలేదు. "సిలబస్‌లో లేదండీ" అన్నారు.

1840లోనే గోడే వెంకట జగ్గారావు గారు డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల (ఆకాశాన్ని పరిశీలించే కేంద్రం) కట్టించిన ఊరు ఇది. 1874లో సూర్యుడి మీదుగా శుక్రుడు దాటడాన్ని ఆయన అల్లుడు నరసింగరావు గారు ఇక్కడి నుంచే చూసి లెక్క కట్టారు. ఇప్పుడు డాబాగార్డెన్స్ అంటే ఎవరికైనా ట్రాఫిక్కే గుర్తొస్తుంది.

నగరపాలక సంస్థ తన లైబ్రరీల్లో ఎక్కడైనా ఒక గది, రెండు కంప్యూటర్లు, ఇంటర్నెట్ ఇస్తే చాలు. డిగ్రీ పిల్లలకు ఆ డేటా నుంచి నక్షత్రం వెలుగు గ్రాఫ్ గీయడం నేర్పించవచ్చు. వారానికి రెండు సాయంత్రాలు నేనే వస్తాను. జీతం అక్కర్లేదు, బస్ పాస్ కూడా ఉంది.

– ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్, విశాఖపట్నం