ఇల్లు వద్దన్న అక్కకి, లెక్క చెప్పిన తమ్ముడికి

పోయిన ఆదివారం షికాగోలో కొత్త అద్దింట్లో పాలు పొంగించుకున్నాం. సొంతిల్లు కూడా కాదు, ఇంత హడావిడి ఎందుకని మా ఆయన అన్నారు గానీ, ఇది దొరకడానికి పడ్డ అవస్థకి గృహప్రవేశమే చెయ్యాలి. ముగ్గురి చలవ ఇది. పేర్లు రాయొద్దని ముందే హెచ్చరించారు కాబట్టి రాయడం లేదు.

నాకు 36, ఆయనకి 38. ఎనిమిదేళ్ళు డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉన్నాం. నాకు షికాగోలో ఉద్యోగం వచ్చిందనగానే అందరూ శివారు ఊళ్ళైన నేపర్‌విల్, షాంబర్గ్ అన్నారు. మనవాళ్ళుంటారు, అరోరా బాలాజీ గుడి ఉంది, స్కూళ్ళు మంచివి. మాకు పిల్లలు లేరు. నా పని నగరంలోని ఆసుపత్రుల ప్రాంతం, మెడికల్ డిస్ట్రిక్ట్‌లో, మంచులో గంటసేపు కారు నడపడం నా వల్ల కాదు. అలాగని కుర్రకారు తెల్లవార్లూ పార్టీలు చేసుకునే బిల్డింగులోనూ ఉండలేం.

ఫొటోలు చూసి వేబాష్ వీధిలో ఒక లాఫ్ట్ (పాత గోదాములో కట్టిన ఫ్లాట్) మీద మనసు పడ్డాం. ఎర్ర ఇటుక గోడలు, నిలువెత్తు కిటికీలు. అప్లికేషన్ ఫీజు కట్టబోతుంటే మా పిన్ని కూతురి పాత రూమ్మేట్, అప్పటిదాకా మేం మొహం కూడా చూడని అక్క, "ఆగండి, నేను చూసొస్తా" అన్నారు.

ఆఫీసు అయ్యాక ఆ చలిగాలిలో వెళ్ళి వీడియో కాల్ చేశారు. మాట మధ్యలో ఆవిడ గొంతు వినిపించడం మానేసింది. కిటికీ పక్కనుంచే రైలు పోతోంది! బెడ్రూమ్ గోడేమో పైకప్పు దాకా లేదు. పాత గోదాముల్ని ఇళ్ళుగా మార్చిన చోట ఇది మామూలేనట. మా ఆయనకి హైదరాబాద్ టీమ్‌తో కాల్స్ రాత్రి పదింటికి మొదలవుతాయి. ఆ స్టేటస్ రిపోర్టులన్నీ గోడ దూకి నా దిండు మీదికే వచ్చేవి. చివరికి అక్క హ్యాండ్‌బ్యాగ్‌లోంచి టిష్యూ తీసి, స్టవ్ పైన ఫ్యాన్ ముందు పట్టుకున్నారు. గాలి బయటికి పోవట్లేదు, తిరిగి గదిలోకే కొడుతోంది. "పోపు వేశావంటే ఇంగువ వాసన పరుపు దాకా వస్తుంది, పొగ అలారం సంగతి సరేసరి. వద్దమ్మా" అన్నారు.

నిజం చెప్పొద్దూ, ఆ పూట ఆవిడ మీద కోపమే వచ్చింది. వారానికి గానీ తగ్గలేదు. అప్పుడు ఆవిడే ప్రింటర్స్ రోలో ఈ ఇల్లు చూపించారు. ఒకప్పుడు ప్రెస్సులుండే వీధి. బెడ్రూమ్‌కి తలుపుంది, వంటగదికి కిటికీ ఉంది. నడిచి లసాల్ స్టేషన్‌కి వెళ్తే బ్లూ లైన్ రైలు నేరుగా నా ఆఫీసు దగ్గర దింపుతుంది.

ఇక ఐఐటీ తమ్ముడు. ఖరగ్‌పూర్ కాదు, ఇక్కడి ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదువుతున్నాడు. ప్రకటనలో అద్దె 2,400 డాలర్లు అనుంటే, లీజు మొత్తం చదివి "అక్కా, మీరు నెలనెలా కట్టేది 2,600" అన్నాడు. పదమూడు నెలల్లో ఒక నెల ఫ్రీ ఇచ్చి, దాన్ని అన్ని నెలలకీ పంచి చూపించారు. రెన్యువల్లో పెంచేది మాత్రం 2,600 మీద. డిపాజిట్ లేదని నేను సంబరపడితే దానికీ కారణం చెప్పాడు. 1986 నాటి షికాగో అద్దె చట్టం ప్రకారం మామూలుగా డిపాజిట్‌ని విడి ఖాతాలో ఉంచాలి, వడ్డీ ఇవ్వాలి, తేడా వస్తే డిపాజిట్‌కి రెట్టింపు జరిమానా. ఆ తలనొప్పి ఎందుకని చాలామంది ఓనర్లు ఇంట్లో దిగేటప్పుడు కట్టే, తిరిగిరాని మూవ్-ఇన్ ఫీజు పెట్టేశారు. పరీక్షల వారంలో ఇవన్నీ ఓపిగ్గా చెప్పాడు పాపం.

మూడో మనిషి మా బిల్డింగులో పనిచేసే పెద్దాయన. సామాన్ల లిఫ్ట్ మాకు పది నుంచి పన్నెండు దాకా ఇచ్చారు, ట్రక్కేమో ఒంటిగంటకి దిగింది. ఆయన లంచ్ మానేసి లిఫ్ట్ తాళం పట్టుకుని నిలబడ్డారు. ఆయనకి తెలుగు రాదు కాబట్టి కృతజ్ఞతలు పులిహోర రూపంలో చెప్పుకున్నాం. డబ్బా కడిగి మరీ తిరిగిచ్చారు.

అక్కా, తమ్ముడూ, వచ్చే శనివారం భోజనానికి మా ఇంటికి రావాలి. గుత్తివంకాయ, పప్పుచారు. తమ్ముడికి విడిగా చికెన్. పార్కింగ్ మాత్రం లేదు. రెడ్ లైన్ ఎక్కి హారిసన్‌లో దిగండి, నేను స్టేషన్ దగ్గరికి వస్తాను.