సివిల్ డిప్లొమా గురించి

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పాలిటెక్నిక్‌లో చేరడానికి పాలిసెట్ రాసినవాళ్లు సివిల్ ఇంజినీరింగ్ అనగానే మొహం తిప్పుకోకండి. మన పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి డ్యాములు కట్టారు. ఆ అనుభవానికి సర్టిఫికెట్ తోడైతేనే సూపర్‌వైజర్ పోస్టు దక్కుతుంది.

సైట్లు బాగా మారాయి. హైదరాబాద్ టవర్లలో కాంక్రీటు పోయడానికి కట్టే చెక్క సెంట్రింగ్ బదులు అల్యూమినియం పలకలు బిగించి గోడలు, స్లాబు ఒకేసారి పోస్తున్నారు. ఈ పద్ధతిని మైవాన్ అంటారు. అందులో కరెంటు పైపు మర్చిపోతే కాంక్రీటు గోడకు గాడి కొట్టడం మహా తలనొప్పి, అందుకే డ్రాయింగు చదవడం రావాలి. ప్రీకాస్ట్‌లో అయితే గోడలు, స్లాబులు యార్డులోనే తయారై వస్తాయి, సైట్లో క్రేన్‌తో బిగిస్తారు. వీటిలో నీళ్లు కారేది ఎక్కువగా ముక్కలు కలిసే జాయింట్ల దగ్గరే.

డిప్లొమా మూడేళ్లు. తర్వాత ఈసెట్ ప్రవేశ పరీక్ష రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. కంప్యూటర్లో డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్ మాత్రం మొదటి ఏడాదే పట్టుకోండి. మేస్త్రీ నాన్న ఉన్నవాళ్లు సెలవుల్లో ఆయనతో సైటుకు వెళ్లండి. డౌట్లుంటే ఇక్కడే అడగండి, రాత్రి చూసి చెప్తాను.