వార్షిక నివేదిక: స్పైరల్ జెట్టీ పర్యటన

గౌరవనీయులైన సభ్యులకు,

ఈ ఏటి పర్యటనల్లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, గ్రేట్ సాల్ట్ లేక్ అనే ఉప్పు సరస్సు ఉత్తరపు ఒడ్డున, రోజెల్ పాయింట్ దగ్గరున్న స్పైరల్ జెట్టీ ఒకటి. ఇది రాళ్లూ మట్టితో సరస్సులోకి చుట్టలా కట్టిన కళాఖండం. సొంతంగా వెళ్లాలనుకునే కుటుంబాలకు పనికొచ్చే వివరాలు ఇక్కడ ఇస్తున్నాం.

1970 ఏప్రిల్‌లో అమెరికన్ కళాకారుడు రాబర్ట్ స్మిత్సన్ 6,000 టన్నులకు పైగా నల్లరాయి, మట్టి ట్రక్కులతో తోలించి, 1,500 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పున అపసవ్య దిశలో చుట్టలా కట్టించారు. కొద్దికాలానికే సరస్సు పెరిగి దాన్ని ముంచేసింది. మళ్లీ నిలకడగా బయటపడింది 2002లోనే. నీటిమట్టం సముద్రమట్టానికి సుమారు 4,195 అడుగులు దాటితే మునుగుతుంది, కాబట్టి బయలుదేరే ముందు మట్టం చూసుకోండి. ఇటీవలి సంవత్సరాల్లో మట్టం బాగా పడిపోయి, నీరు రాళ్లకు దూరంగానే ఉంటోంది. గులాబీ రంగు నీళ్లు కావాలంటే ఉప్పు మీద చాలా దూరం నడవాలి. సరస్సుకు అడ్డంగా వేసిన 1959 నాటి రైలు కట్ట వల్ల నదుల మంచినీరు ఈ భాగానికి సరిగా చేరదు, ఉప్పు చిక్కబడుతుంది. అందులో బతికే సూక్ష్మజీవులదే ఆ రంగు. మన కోస్తా ఉప్పు మడుల్లో నీరు ఎర్రబారేదీ ఇలాంటి వాటివల్లే.

సాల్ట్ లేక్ సిటీ నుంచి రెండున్నర గంటల దారి. పెట్రోలు బ్రిగమ్ సిటీలోనే నింపుకోవాలి. గోల్డెన్ స్పైక్ పార్కు సందర్శక కేంద్రం దాటితే టాయిలెట్లు లేవు, నీళ్లు లేవు, ఫోన్ సిగ్నల్ నమ్మలేం. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఆపైన దాదాపు 16 మైళ్లు మట్టిరోడ్డు. ఎండుగా ఉంటే మామూలు కారే చాలు. వానపడితే మాత్రం జారుడు బురద, ఆ రోజుకు మానుకోవడమే మంచిది. చివరి మైలులో రాళ్లు తేలి ఉంటాయి, కారు అడుగు తగలకుండా మెల్లగా పోనివ్వాలి. దారిలో పాత చమురు తవ్వకాలవాళ్లు వేసిన తిన్నని కట్ట కనిపిస్తుంది. అదే స్పైరల్ జెట్టీ అనుకుని చాలామంది దిగిపోతుంటారు. ఆ పక్కన నేలలోంచి తారు ఊరుతుంది, పిల్లల్ని అటు వెళ్లనివ్వకండి.

చెప్పులు పనికిరావు, మడమ దాకా పట్టి ఉండే బూట్లు వేసుకోవాలి. ఉప్పు పెచ్చు పైకి గట్టిగా, తెల్లగా కనిపిస్తుంది. పల్చగా ఉన్నచోట కాలు పెడితే పటుక్కున విరిగి, కింది నల్లబురదలో బూటు ఇరుక్కుపోతుంది. పెచ్చు అంచులు కోసుకుంటాయి కూడా. రాళ్ల సందుల్లో పట్టిన ఉప్పు పలుకుల్ని వంగి దగ్గరగా చూడండి, ఈ ప్రయాణంలో మాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. ఒక్క రాయి కూడా తీసుకురాకండి, నిప్పు రాజేయకండి. నీడ లేదు కాబట్టి మనిషికి కనీసం ఒక గాలన్ నీళ్లు ఉండాలి. పులిహోర తెచ్చుకున్నా, ఆకులూ ప్లేట్లూ మళ్లీ కారెక్కాల్సిందే. వసంతంలో కుట్టే చిన్న ఈగలు ముసురుతాయి, తలకు వలగుడ్డ ఉంచుకోండి.

పూర్తి ఆకారం కిందినుంచి తెలియదు, వెనకున్న గుట్ట కొంత ఎక్కితే తెలుస్తుంది. చీకటి పడకముందే మట్టిరోడ్డు దాటేయండి. ఇంటికొచ్చాక కారు అడుగుభాగం మంచినీళ్లతో కడిగించండి, లేకపోతే ఉప్పుబురదకు తుప్పు పడుతుంది.