మందు మట్టి, తినే మట్టి ఒకటి కావు

సంపాదకులకు నమస్కారం.

మట్టి వైద్యం గురించి ఈమధ్య ఫోన్లలో తిరుగుతున్న సలహాల వల్ల మా పర్లాకిమిడి ప్రాంతపు తెలుగు ఇళ్లలో 'మట్టి మందే కదా' అనే మాట తరచుగా వినబడుతున్నందున ఈ లేఖ రాస్తున్నాను.

ఆ మాటలో సగం నిజం ఉంది. కేయోలిన్ అనే తెల్లమట్టి పట్టించిన గాజుగుడ్డను గాయంలో అదిమితే రక్తం త్వరగా గడ్డకడుతుంది. అమెరికా సైన్యం ఇటువంటి గుడ్డను వాడుతోంది. పారాక్వాట్ కలుపుమందు కడుపులోకి పోయినవారికి ఆసుపత్రుల్లో తొలి గంటల్లోనే శుద్ధిచేసిన ఫుల్లర్స్ ఎర్త్ అనే బంకమట్టిని నీటిలో కలిపి పట్టిస్తారు. ఆ మట్టి రేణువులకు రుణావేశం, విషానికి ధనావేశం ఉండడంతో, విషంలో కొంత రక్తంలో కలవకముందే రేణువులకు అంటుకుని మలంతో బయటికి పోతుంది. ఆలస్యమైతే ఆ మేలూ ఉండదు.

అయితే ఏది విషమో ఏది పోషకమో మట్టికి తెలియదు. నెల తప్పిన ఆడపిల్లలు కొంగున ముడి వేసుకున్న సుద్దముక్కనో, పిల్లల పలక మీది బలపాన్నో, వానకు తడిసి కమ్మగా వాసనవేసే గోడమన్నునో చాటుగా కొరుక్కుతినడం మా వైపు కొత్త కాదు. వేవిళ్ల కోరిక అని పెద్దవాళ్లు నవ్వి ఊరుకుంటారు. ఆ కోరిక చాలాసార్లు రక్తహీనతతో కలిసే కనబడుతుంది. పైగా కొన్ని రకాల మట్టి ఇనుమును కూడా పట్టి ఉంచి ఒంటికి పట్టనివ్వదు. 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉన్న మాత్రను ప్రభుత్వం గర్భిణులకు రోజుకొకటి చొప్పున 180 రోజులు ఇస్తుంటే, దానితోపాటు మన్నూ కడుపులోకి పోతే ఆ మాత్ర ఫలం ఎంత దక్కుతుంది? నులిపురుగుల బెడద, సీసం బెడద వేరే ఉన్నాయి. విరేచనాలు తగ్గడానికి వాడే శుద్ధిచేసిన మట్టి మందులో సైతం సీసం జాడలు ఉండవచ్చని, గర్భిణులకూ రెండేళ్లలోపు పిల్లలకూ దాన్ని వాడవద్దని ఫ్రాన్సు ఔషధ నియంత్రణ సంస్థ 2019లో సూచించింది. అలాంటప్పుడు గట్టున తవ్విన మన్నును ఏ ధైర్యంతో తినగలం?

మాత్ర వేసుకుంటున్నావా అని అడిగేవారున్నారు గాని, మన్ను తింటున్నావా అని అడిగేవారు అరుదు. అడిగినా అత్తగారి ఎదుట ఏ కోడలు ఔనంటుంది? నెలనెలా బరువు చూసేటప్పుడు ఆశా కార్యకర్తలు ఈ ప్రశ్నను ఒంటరిగా, మందలింపు లేకుండా అడగాలి. ఇక్కడి ఆరోగ్య కేంద్రాల్లో సూచనలు ఒడియాలో ఉంటాయి, ఇళ్లలో పెద్దలు మాత్రం తెలుగే చదువుతారు. కాబట్టి మట్టి వైద్యంపై మీరు వ్యాసం వేసినప్పుడల్లా గర్భిణులు మట్టి తినకూడదన్న హెచ్చరికను, తినాలనిపిస్తే రక్తపరీక్ష చేయించుకోవాలన్న సూచనను దాని పక్కనే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఫార్మసిస్టు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా